అమ్మ ఏరిన పప్పు – కంప్యూటర్ నేర్చిన చదువు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు, క్రమశిక్షణ గురించో, లక్ష్యసాధన గురించో రాద్దామనుకున్నాను. అవి మన పాత సంచికల్లో చాలా ఉన్నాయి. అందుకే ఈ ఏడాదంతా నేను చేస్తున్న పని గురించే రాస్తున్నాను. కంప్యూటర్ చదవని తమ్ముళ్ళు భయపడనక్కర్లేదు, లెక్కలు తక్కువే.

మాది పలాస పక్క ఊరు. అమ్మ, అక్క జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ పనికి వెళతారు. నేను విజయనగరంలో ఎం.టెక్. చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదట. ప్రాజెక్టు దేనిమీద చేస్తావని గైడ్ గారు అడిగితే జీడిపప్పు మీద అన్నాను. ఫొటో చూసి అది గుండో, బద్దో, ముక్కో, మచ్చపప్పో చెప్పాలి. గుండ్లలో మళ్ళీ సైజులున్నాయి. 240 రకం అంటే పౌనుకు 220 నుంచి 240 గుండ్లు తూగుతాయి. 320 రకం అంటే 300 నుంచి 320. అమ్మ ఏనాడూ పౌను లెక్కపెట్టలేదు. వేళ్ళతో ఒకసారి తిప్పి కుప్పలో పడేస్తుంది. నేను ఫోనుతో తీసిన ప్రతి ఫొటోకీ ఏ రకమో చెప్పింది అమ్మే. కాబట్టి ఈ ప్రోగ్రాంకి అసలు గురువు ఆవిడే.

ఇక చదువు సంగతి. కంప్యూటర్ ఒక ఫొటో చూసి జవాబు చెబుతుంది. అది తప్పయితే లోపల ఉన్న లక్షల అంకెలను కొద్దికొద్దిగా మార్చుకుంటుంది. ఒక్కోసారి ఎంత మార్చుకోవాలో చెప్పేదే లెర్నింగ్ రేట్. దీన్ని అర్థం చేసుకోవడానికి కొట్లో పప్పు తూచేవాణ్ణి చూస్తే చాలు. ముందు డబ్బాతో పోస్తాడు. ముల్లు మధ్యకు వస్తుంటే పిడికెడు వేస్తాడు. ఆఖరికి ఒక్కొక్క గింజ వేస్తాడు. చివరిదాకా డబ్బాతోనే పోస్తే ముల్లు అటూ ఇటూ ఊగుతుంది తప్ప నిలబడదు. మొదటినుంచీ ఒక్కొక్క గింజే వేస్తే రాత్రవుతుంది.

డబ్బా ఎప్పుడు వదిలి పిడికిలి ఎప్పుడు పట్టాలి? దీనికి రెండు దారులున్నాయి. ఒకటి మన స్టడీ అవర్ గంటలాంటిది. 30 ఎపాక్‌లు అయ్యాయా, రేటు తగ్గించు, అంతే (ఎపాక్ అంటే పాఠం మొత్తం ఒకసారి తిరగేయడం). నేర్చుకుందా లేదా అని ఎవరూ చూడరు. రెండోది గడియారం చూడకుండా ముల్లును చూడటం. పక్కన దాచిపెట్టిన ఫొటోలతో ప్రతి ఎపాక్ చివరా పరీక్ష పెడతాం. ఆ ఫలితం మెరుగుపడటం ఆగిపోతే అప్పుడు రేటు తగ్గిస్తాం. పైటార్చ్‌లోనూ కెరాస్‌లోనూ దీని పేరు రెడ్యూస్ ఎల్ఆర్ ఆన్ ప్లాటో.

ఇది మొదట మనుషులు చేతితో చేసిన పనే. 2012లో టొరంటోలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సట్స్‌కెవర్, జెఫ్రీ హింటన్ తమ ప్రసిద్ధ బొమ్మల గుర్తింపు నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చినప్పుడు రేటును 0.01 దగ్గర మొదలుపెట్టారు. పరీక్ష ఫలితం కదలకుండా ఆగినప్పుడల్లా దాన్ని పదో వంతు చేశారు. మొత్తం మూడుసార్లు తగ్గించారు. అయిదారు రోజులు నడిచిన శిక్షణ అది. ఇప్పుడు ఆ కాపలా పని ప్రోగ్రాం చేస్తోంది.

అయితే ఏ ముల్లును చూడాలో మనమే చెప్పాలి. పైటార్చ్‌లో షెడ్యూలర్‌ను స్టెప్ అని పిలిచేటప్పుడు ఆ కొలతను చేతికివ్వాలి. పైటార్చ్ లైట్నింగ్‌లో మానిటర్ అనే చోట దాని పేరు రాయాలి. రాయకపోతే నడవనని మొరాయిస్తుంది. మొరాయించడమే నయం. మోడ్ సంగతి అలా కాదు. లాస్ తగ్గితే మంచిది, అక్కడ 'మిన్' ఉండాలి. యాక్యురసీ పెరిగితే మంచిది, అక్కడ 'మ్యాక్స్' ఉండాలి. యాక్యురసీ చూడమని చెప్పి 'మిన్' వదిలేస్తే, పిల్లాడు బాగా చదువుతున్నా చదవడం లేదనుకుని రేటు కోస్తూ పోతుంది. నోరెత్తి ఏమీ చెప్పదు.

నా ఫొటోల్లో గుండ్లు ఎక్కువ, మచ్చపప్పు తక్కువ. అన్నిటినీ గుండు అనేసినా యాక్యురసీ గొప్పగానే కనబడుతుంది. అమ్మకు కూలి తెగ్గోసేది మాత్రం మంచి కుప్పలో దొరికిన ఒక్క మచ్చపప్పే. అందుకే ఒక్కో రకానికీ విడివిడిగా ఎఫ్1 లెక్కకట్టి, వాటి సగటును మానిటర్‌లో పెట్టాను. ఆ సగటులో మచ్చపప్పుకూ గుండుతో సమానమైన ఓటు ఉంటుంది.

తరవాతది పేషెన్స్, అంటే ఓర్పు. ఫలితం మెరుగుపడకపోయినా ఎన్ని ఎపాక్‌లు ఆగి చూడాలన్నది. పైటార్చ్, కెరాస్ రెండింటిలోనూ మనం ఏమీ చెప్పకపోతే 10. దీని పక్కనే ఎర్లీ స్టాపింగ్ అని ఇంకొకటి ఉంటుంది. అది రేటు తగ్గించదు, శిక్షణనే ఆపేస్తుంది. దాని ఓర్పు, మనం చెప్పకపోతే, లైట్నింగ్‌లో 3. కెరాస్‌లో సున్నా! రెండూ కలిపి అలాగే వాడితే ఏమవుతుందో చూడండి. అడుగు చిన్నది చేసే వంతు రాకముందే చదువు మాన్పించేస్తుంది.

ఈ మాట డాక్యుమెంటేషన్‌లో చదివిన రాత్రి నాకు అక్క గుర్తొచ్చింది. అక్క ఇంటర్ మొదటి సంవత్సరంలో లెక్కలు తప్పింది. ఒక్క సబ్జెక్టు. సప్లిమెంటరీ ఉంది. "ఆడగుంట, ఇంక సాల్లే" అన్నారు పెద్దలు. కాలేజీలో కూడా ఉండమని ఎవరూ అనలేదు. మూడేళ్ళ తరవాత అదే పుస్తకం నాకూ అంతుపట్టలేదు. కానీ నాకు హాస్టల్ ఉంది. ఇక్కడ ఒక సీనియర్ అన్న అధ్యాయాలన్నీ పక్కన పెట్టించి, రోజుకు రెండే లెక్కలు చేయించేవాడు. అక్కకు నాకన్నా చురుకైన బుర్ర. ఇప్పటికీ కూలి లెక్కలు నోటితో చెప్పేస్తుంది. ఓపెన్ స్కూల్లో ఫీజు కడతానంటే "సూద్దాంలే" అంటోంది. నేను అడగడం మానలేదు.

ప్రస్తుతం నా షెడ్యూలర్ ఓర్పు 4, ఎర్లీ స్టాపింగ్ ఓర్పు 15. అంటే ఆపేలోగా రేటు కనీసం రెండుసార్లయినా తగ్గుతుంది. ఒక్కసారే పదో వంతు చేయకుండా సగం చేస్తున్నాను. ఉచితంగా దొరికే జీపీయూ గంటలు కొన్నే కాబట్టి ఇంతకన్నా ఎక్కువ ఆగలేను. డబ్బున్న ల్యాబ్‌లో ఓర్పు కూడా ఎక్కువే ఉంటుంది, అది వేరే విషయం.

మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు ప్రోగ్రాం అమ్మకు చూపించాను. మచ్చ ఉన్న పప్పు పెట్టింది, పట్టేసింది. ఇంకోటి పెట్టింది, అదీ పట్టేసింది. కాసేపు చూసి, "బాగానే ఉందిరా. మరి మిసనే ఏరీసుకుంటే మాకు పనుంటాదా?" అంది. పెద్ద ఫ్యాక్టరీలకు రంగు చూసి వేరుచేసే యంత్రాలు ఎప్పుడో వచ్చాయని, నాది కొట్లో చిన్న వ్యాపారి సరుకు సరిచూసుకోవడానికేనని చెప్పాను. "ఓహో" అంది. నమ్మిందో లేదో తెలీలేదు. ఆ ప్రశ్నను ప్రాజెక్టు రిపోర్టు ఆఖరి అధ్యాయంలో పెడతానంటే గైడ్ గారు సరేనన్నారు. ఏం రాయాలో ఇంకా ఆలోచిస్తున్నాను.

ప్రోగ్రాం కావలసిన తమ్ముళ్ళు వార్షికోత్సవం రోజున నన్ను అడగండి. పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.టెక్., విజయనగరం