గోపురం మీది రాయి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడగగానే నాకు ఒక లెక్క గుర్తొచ్చింది. నన్ను బాగా ఏడిపించిన లెక్క అది.

మాది జహీరాబాద్ దగ్గర పల్లె. అమ్మానాన్నలు చెరకు కొట్టే కూలీలు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. కానీ ఇంటర్ మొదటి సంవత్సరంలో ఈ ఫిజిక్సే నన్ను ఇంటికి పంపబోయింది.

క్వార్టర్లీ పరీక్షలో ఇలా అడిగారు: 20 మీటర్ల గోపురం పైనుంచి రాయిని సెకనుకు 15 మీటర్ల వేగంతో క్షితిజ సమాంతరంగా విసిరితే ఎంత దూరంలో పడుతుంది? వ్యాప్తి సూత్రం నాకు కంఠస్థం. వేగం వర్గాన్ని రెట్టింపు కోణం సైన్‌తో గుణించి, గురుత్వ త్వరణంతో భాగించాలి. సమాంతరంగా విసిరారు కాబట్టి కోణం సున్నా. సైన్ సున్నా అంటే సున్నాయే. జవాబు సున్నా మీటర్లని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

మార్కులూ సున్నాయే వచ్చాయి. ఆ సబ్జెక్టు ఫెయిలయ్యాను. ఇక చెరకు పనికే పోదామని పెట్టె సర్దుకున్నాను.

మా రూములో ఉండే డిగ్రీ అన్న పేపరు చూశాడు. నవ్వలేదు.

"ఏంరా, జొన్నచేన్ల మంచె మీదికెల్లి వడిసెల తిప్పి కొడితే రాయి నీ కాళ్లకాడనే పడ్తదా?"

"ఎందుకు పడ్తదన్నా? శానా దూరం పోతది."

"మరి పేపర్ల గట్లెందుకు రాసినవ్?"

నా దగ్గర జవాబు లేదు. పిట్టలు కొట్టిన చేయి నాదే, ఆ సున్నా రాసిన చేయీ నాదే.

రాయి బయలుదేరిన మట్టానికే తిరిగి వచ్చి పడినప్పుడే ఆ సూత్రం పనిచేస్తుందని అన్న చెప్పాడు. కాగితం మధ్యలో గీత గీసి, ఒక పక్క 'నిలువు', ఇంకో పక్క 'అడ్డం' అని రాశాడు. నిలువుగా తొలి వేగం సున్నా. గురుత్వ త్వరణం సుమారు 10 అనుకుంటే, 20 మీటర్లు పడటానికి 2 సెకన్లు. విసరకుండా ఊరికే వదిలినా అంతే సమయం! గాలి నిరోధం లెక్కలోకి తీసుకోం కనుక అడ్డంగా వేగం మారదు. 15ను 2తో గుణిస్తే 30 మీటర్లు. ఈ రెండు చలనాలూ కలిస్తే దారి పరావలయం అవుతుందని గెలీలియో 1638లో అచ్చైన పుస్తకంలో చూపించాడు.

ఆ రాత్రే ఇంకో లెక్క చేశాను. నేల మీద నుంచి 30 డిగ్రీల కోణంలో 20 మీటర్ల వేగం. నిలువు భాగం 10. పైకి ఒక సెకను, కిందికి ఒక సెకను. ఎత్తు 5 మీటర్లు. అడ్డం భాగం 17.3, రెండు సెకన్లకు 34.6 మీటర్లు. నేను బట్టీపట్టిన సూత్రంతో చూసినా అదే వచ్చింది. ఆ సూత్రం పుట్టిందే ఈ రెండు వరసల్లోంచి అని అప్పుడు తెలిసింది. పొద్దున్నే పెట్టె విప్పేశాను.

తమ్ముళ్లూ, మనకు చేలో తెలిసింది పరీక్ష హాలు బయట వదిలిపెట్టి వెళ్లకండి. సూత్రం వేసే ముందు బొమ్మ గీయండి. జవాబు రాశాక ఒక్కసారి మంచె ఎక్కి చూడండి.