వెయ్యి వాట్ల సముద్రలంఘనం



తెలుగు పండితునికి కరెంటు దీపాలతో పనేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఛందస్సు చెప్పినవానికి లెక్క కొత్త కాదు. ఇన్ని మాత్రలు, ఇన్ని గణాలు అని ముందుగానే గిరి గీసి, ఆ గిరి దాటకుండా కథ నడిపించమంటుంది పద్యం. 2025 శ్రీరామనవమికి మా వీధి రామాలయం ముందు కదిలే దీపాలబొమ్మ కట్టవలసి వచ్చినప్పుడు నాకు ఎదురైనదీ అటువంటి లెక్కే. గణాల చోట వాట్లు, యతిప్రాసల చోట రూపాయలు.

ఆ యేడు ఉగాది మార్చి 30న, నవమి ఏప్రిల్ 6న వచ్చాయి. ఎనిమిది సాయంత్రాలు, పూటకు నాలుగు గంటలు. వీధి కుర్రవాళ్ళు కోరినది హనుమంతుని సముద్రలంఘనం. చందాలలో దీపాలకు కేటాయించినది 25,000 రూపాయలు. గుడి మీటరుకు మంజూరైన లోడు ఒక కిలోవాట్. అందులో నాలుగు ఫ్యాన్లకు 300 వాట్లు, మైకుసెట్టుకు 300, ట్యూబులైట్లకు 100 పోగా మిగిలినవి 300. ఆపద్ధర్మంగా 100 విడిచిపెడితే బొమ్మకు దక్కినవి 200 వాట్లు. సప్లయర్స్ వారు అద్దెకిస్తామన్న పెద్ద లైట్లు అన్నీ కలిపి 1,500 వాట్లు!

"స్తంభం మీది తీగకు కొక్కెం వేస్తే సరిపోతుంది మాస్టారూ, అందరూ చేసేదే కదా" అన్నాడు ఒక కుర్రవాడు.

నేను మారు పలకక చందా పుస్తకం తెరిచి ఒక పేరు చూపించాను. మా వీధిలోనే ఉండే ఒక తల్లి పేరది. ఏటా తప్పకుండా నూటపదహార్లు ఇస్తుంది. ఆమె కొడుకు నా వద్ద పదో తరగతి చదివాడు. ముప్ఫై ఏళ్ళ క్రిందట ఒక పండుగ పందిట్లో సీరియల్ సెట్టు ఆగిపోతే, వాన వెలిసీ వెలవకముందే వైరు సర్దబోయి ఇంటికి తిరిగి రాలేదు. అయినా ఆమె పండుగ మీద కోపం పెట్టుకోలేదు. ఆ నూటపదహార్లతో మనం కొక్కెం కొందామా నాయనా అని అడిగాను. మరి ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా పండుగ దాటిన తరువాత, అదే యేడు ఆగస్టులో, హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథం విద్యుదాఘాతానికి గురై అయిదుగురు మరణించారన్న వార్త చదివినప్పుడు ఆ చందా పుస్తకమే నా కళ్ళ ముందు మెదిలింది.

ఇక బొమ్మ సంగతి. దీపం నిజానికి కదలదు. ఒకటి ఆరి ప్రక్కది వెలిగితే, వెలుగే అటు జరిగిందని మన కన్ను భ్రమిస్తుంది. మాక్స్ వెర్తైమర్ అనే మనస్తత్త్వవేత్త 1912లో ఈ భ్రమను శాస్త్రీయంగా పరిశీలించి వివరించాడు. మన పెద్దలకు ఇటువంటిదే ఒక ఉపమానం ఉండనే ఉంది. కొరివిని గిరగిర త్రిప్పితే కనబడే నిప్పుచక్రం, అలాతచక్రం. గౌడపాదులవారి మాండూక్యకారికలలో నాలుగవ ప్రకరణానికి అలాతశాంతి అనే పేరు దాని వల్లనే వచ్చింది. కదిలే దీపాలకు పేరుపొందిన బెంగాలులోని చందన్‌నగర్ కళాకారులు, కంప్యూటర్లు లేని రోజులలో, కొయ్య రోలరు మీద లోహపు పట్టీలు తాపడం చేసి, అది తిరుగుతుండగా ఒక్కొక్క వరుసకు వంతులవారీగా కరెంటు అందేటట్లు చేసేవారు.

ఇప్పుడు ఆ రోలరు పనిని పిక్సెల్ ఎల్ఈడీలు చేస్తున్నాయి. ఇంజనీరింగు చదివే మా ప్రక్కింటి అమ్మాయి వాటి పని తీరు వివరించినప్పుడు నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఒక్కొక్క దీపానికి 24 బిట్ల ఆజ్ఞ వెళుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు తలా ఎనిమిది. మూడు పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు: మన గాయత్రీ ఛందస్సు! అంతేనా? పొట్టి స్పందనమైతే సున్నా, పొడుగు స్పందనమైతే ఒకటి. పొడుగుది పొట్టిదానికి సుమారు రెండింతలు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని ముప్ఫై యేళ్ళు బల్ల గుద్ది చెప్పినవాణ్ణి, ఎంత సంతోషించానో మీరే ఊహించుకోండి. వరుసలో మొదటి దీపం తన 24 అక్షరాలు తాను తీసుకుని మిగిలినవి ప్రక్కదానికి అందిస్తుంది. బంతిలో విస్తళ్ళు అందించుకున్నట్లే.

బొమ్మ లెక్క ఇలా తేలింది. హనుమంతునికి అయిదు భంగిమలు: మహేంద్రగిరి మీద ఒదగడం, ఎగరడం, నడిమింట తేలడం, వాలడం, లంకలో అడుగు పెట్టడం. భంగిమకు 80 దీపాల చొప్పున 400. అలలు మూడు వరుసలు, 240. లంక గోపురానికి 60. మొత్తం 700. సురస, సింహిక, మైనాకుడు కూడా ఉండాలని పిల్లలు ముచ్చటపడ్డారు గాని డబ్బు చాలక వారిని వదులుకున్నాము. పద్యంలో పట్టని విశేషణాన్ని తీసివేస్తే విశేష్యానికి బలం వస్తుందని సర్దిచెప్పాను.

ఒక్కొక్క దీపం పూర్తి తెలుపులో 5 వోల్టుల దగ్గర 60 మిల్లీఆంపియర్లు, అంటే 0.3 వాట్లు తీసుకుంటుంది. ఏడువందలూ ఒకేసారి వెలిగితే 210 వాట్లు. కరెంటును 5 వోల్టులకు దించే పెట్టెలలో అయ్యే నష్టం కలిపితే సుమారు 260. మా గిరి దాటినట్లే. కాని ఏ క్షణానైనా వెలగవలసినది ఒక్క హనుమంతుడు, ఒక్క అల వరుస, లంక: 220 దీపాలు, 66 వాట్లు. నష్టంతో కలిపినా 83. మిగిలిన 480 దీపాలు చీకటిగా ఉంటేనే హనుమంతుడు ఎగురుతాడు. అన్నీ వెలిగిస్తే అయిదుగురు హనుమంతులు కదలక మెదలక నిలబడతారు. నేను చెప్పదలచుకున్నది ఇదే. పొదుపు కోసం కదలికను తగ్గించుకోలేదు; కదలికే పొదుపును వెంటబెట్టుకుని వచ్చింది. ఎనిమిది సాయంత్రాలకు ఖర్చయిన విద్యుత్తు మూడు యూనిట్లకు లోపే.

ఖర్చు కూడా వ్రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. 50 దీపాల దండలు పద్నాలుగు, 8,400. 40 ఆంపియర్ల పవర్ సప్లయిలు, ఒకటి అదనంగా పెట్టుకుని మూడు, 3,600. కంట్రోలరు 600. రాగి వైర్లు 3,500. వెదురు, ప్లైవుడ్, రంగులు 4,000. వాన చొరబడని పెట్టె 800. ఎలక్ట్రీషియనుకు 1,500. ఎమ్‌సీబీ, ఆర్‌సీసీబీ కలిపి 2,400. చివరి దానిని తగ్గించి మరో నాలుగు దండలు కొందామన్నారు. నేను ఒప్పుకోలేదు. వెళ్ళిన కరెంటుకు, తిరిగి వచ్చిన కరెంటుకు 30 మిల్లీఆంపియర్ల తేడా వచ్చిందంటే ఆర్‌సీసీబీ క్షణంలో సరఫరా ఆపివేస్తుంది. ఎవరి ఒంటి గుండానో కరెంటు నేలకు పోతూ ఉండవచ్చునని ఆ తేడాకు అర్థం. మొత్తం 24,800 అయింది. మిగిలిన 200 పానకం బెల్లంలో కలిసిపోయింది.

ఒక సూచన. 5 వోల్టుల విద్యుత్తు దూరం పోలేదు. దండ చివర వోల్టేజి పడిపోయి తెలుపు ఎర్రబారుతుంది. ప్రతి 50 దీపాలకు ఒకచోట పవర్ సప్లయి నుండి విడిగా తీగ తెచ్చి కలపాలి. 230 వోల్టుల తీగ ఎర్తుతో సహా పెట్టె వరకే రావాలి. పిల్లల చేతులకు అందేది 5 వోల్టుల వైపు మాత్రమే కావాలి.

నవమినాటి రాత్రి ఆ తల్లి వచ్చి చాలాసేపు చూసింది. "ఈ తీగలు ముట్టుకుంటే ఏమీ కాదా మాస్టారూ?" అని అడిగింది. కాదమ్మా అన్నాను. హనుమంతుని తోక చివరి దీపాన్ని ఒకసారి వ్రేలితో తాకి, పానకం గ్లాసు తీసుకుని ఇంటికి వెళ్ళింది.

మీ ఊళ్ళలో ఇటువంటి ప్రయత్నాలు జరిగి ఉంటే తప్పక తెలియజేయగలరు. వచ్చే యేడు మైనాకునికి చోటు కల్పించాలని మా పిల్లల సంకల్పం. గిరి మాత్రం ఆ 200 వాట్లే.

స్వస్తి.