ఉన్ని సరుగుడు

నెల్లూరు గొర్రె ఎత్తుకి పేరుమోసింది గానీ, దాని ఒంటిమీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. అందుకే తోటపల్లి గూడూరులో కూర్చుని ఉన్నితో సరుగుడు చెట్లు చేయడానికి దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని తెప్పించుకున్నాను. తెలంగాణలో గొంగళ్లు నేసేది దాంతోనే.

ఈ పనిలో దారం లేదు, కుట్టు లేదు. సూదికి సన్నటి గాట్లుంటాయి. పొడిచిన కొద్దీ ఉన్ని పోగుల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఇక విడదీయలేం.

ఇక్కడి తోపుల్ని మాత్రం నాలుగైదేళ్లకే కర్రకీ కాగితం గుజ్జుకీ కొట్టేస్తారు. మళ్లీ నాటుతారు. ముసలి సరుగుడు మాను మా అమ్మాయి చూళ్లేదు. నేను చేసేది అదే: లావుపాటి బోదె, పగిలిన బెరడు. గరుకు ఉన్ని దానికి బాగా కుదురుతుంది.

"ఇది సరుగుడేనా?" అంటుంది.

"కొట్టకపోతే ఇలా అవుతుందమ్మా" అంటాను.