శరీరం రాసుకునే పద్దు

ఈ పాఠం గురించి

ఒక విషయాన్ని వివరించేది మాత్రమే వ్యాసం కాదు. తమకు జరిగినదాన్ని చెబుతూ, దాని వెనుక ఉన్న కారణాన్ని వెతుక్కుంటూ రాసే వ్యాసాలు కూడా ఉన్నాయి. వాటిని స్వానుభవ వ్యాసాలు అంటాం. ఈ పాఠం అలాంటిది. బరువు తగ్గిన తర్వాత ఆగిపోయిన నెలసరి మళ్ళీ ఎలా వచ్చిందో రచయిత్రి ఇందులో చెప్పారు. ఇది ఆడవాళ్ళకు మాత్రమే సంబంధించిన పాఠం అనుకోకండి. ఇంట్లో భార్య, చెల్లెలు, కూతురు ఉన్న ప్రతివారూ తెలుసుకోవలసిన విషయం ఇది.

ఈ పాఠం చదివాక మీరు:
• తిండికీ నెలసరికీ ఉన్న సంబంధాన్ని సొంత మాటల్లో చెప్పగలుగుతారు.
• మాత్రతో రక్తస్రావం రప్పించడానికీ, ఋతుచక్రం తిరిగి రావడానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• వైద్యుల దగ్గరకు ఎప్పుడు వెళ్ళాలో తెలుసుకుంటారు.

1. ‘కొంచెం’ అన్న మాట

మేము రాయపూర్‌లో మోవా ప్రాంతంలో ఉంటాం. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వ్యాగన్ మరమ్మతు కార్ఖానాలో పనిలో చేరారు. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. ఎం.ఇడి. చేసి, మీవంటి అభ్యాసకుల కోసం పాఠాలు రాసే ఉద్యోగంలో చేరాను.

2014 జనవరిలో నా వయసు ముప్పై అయిదు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. నాన్నగారికి చక్కెర వ్యాధి ఉంది. ఆయన్ను చూసే డాక్టరుగారు ఒకరోజు నాతో, “నువ్వు కూడా కొంచెం బరువు తగ్గితే మంచిదమ్మా” అన్నారు. ఆ సలహాలో తప్పు లేదు. అందులోని ‘కొంచెం’ అన్న మాటను నేను వదిలేశాను.

తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరి మోవా ఓవర్‌బ్రిడ్జి దాటి, అప్పటి విధానసభ వైపు వెళ్ళే బలోదా బజార్ రోడ్డు మీద నడిచేదాన్ని. సాయంత్రం మళ్ళీ నడక. రెండూ కలిపి రోజుకు ఎనిమిది కిలోమీటర్లు. పొద్దున టీ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కాస్త కూర, పప్పు, రాత్రి ఒక గ్లాసు మజ్జిగ, ఒక పండు. శుక్ర, శని వారాలు ఉపవాసం. ఛత్తీస్‌గఢ్‌ను ‘ధాన్ కా కటోరా’ అంటారు. అంటే వరి గిన్నె అని అర్థం. ఆ వరి గిన్నెలో ఉంటూ నేను అన్నం మానేశాను. ఎండాకాలంలో పక్కింటి దీదీ గిన్నెడు బోరే బాసీ తెచ్చి ఇచ్చేది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పులియనిచ్చి, ఉల్లిపాయతో తినే చద్దన్నం అది. మా అమ్మ చేసే తరవాణి అన్నానికి తోబుట్టువు లాంటిది. దాన్ని ఆమె చూడకుండా పనిమనిషికి ఇచ్చేసేదాన్ని.

జూలై నాటికి నా బరువు 52 కిలోలకు వచ్చింది. జాకెట్లన్నీ పండ్రి బజారులో కుట్లు వేయించుకున్నాను. కనిపించిన ప్రతివారూ “ఏం తింటున్నావు?” అని అడిగేవారు. “ఏం తినడం లేదు?” అని ఒక్కరూ అడగలేదు.

2. వరం అనుకున్నాను

ఆ సంవత్సరం మే తర్వాత నాకు నెలసరి రాలేదు. గర్భమేమో అని పరీక్ష చేసుకున్నాను. కాదని తేలింది. ఆ తర్వాత నాకు దిగులు కలగలేదు సరికదా, సంతోషం కలిగింది. మాది ఆచారాలు పాటించే ఇల్లు. పండగ వస్తోందంటే ముందు క్యాలెండరు చూసుకోవాలి. ఆ మూడు రోజులూ దేవుడి గదిలోకి వెళ్ళకూడదు. ఆ శ్రావణమాసంలో అన్ని శుక్రవారాలూ నిశ్చింతగా పూజ చేసుకున్నాను. భాద్రపదంలో ఇక్కడి ఆడవాళ్ళు తీజా చేస్తారు. ముందురోజు రాత్రి కాకరకాయ కూరతో అన్నం తిని, మర్నాడు నీళ్ళు కూడా ముట్టకుండా ఉంటారు. మాకు ఆ వ్రతం లేదు. అయినా దీదీతో పాటు నేనూ ఉపవాసం ఉన్నాను. ఆకలిని భక్తి అని పిలుచుకోవడం ఎంత తేలికో అప్పుడు నాకు తెలియలేదు.

చేతులు చల్లబడేవి. దువ్వెన నిండా జుట్టు ఊడేది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, మర్నాడు తినబోయే పుల్కాల గురించి ఆలోచిస్తూ పడుకునేదాన్ని. ఇంకో మాట సిగ్గుపడుతూనే చెబుతున్నాను. సరిగ్గా ఆ నెలల్లోనే నేను ‘సమతుల ఆహారం’ అనే పాఠం రాస్తున్నాను. ధాన్యాలు ఎంత, పప్పులు ఎంత, నూనె ఎంత అని పట్టిక గీసి, అది పూర్తయ్యాక ఒక గ్లాసు మజ్జిగ తాగి పడుకున్నాను.

దసరాకు అమ్మ వచ్చింది. నన్ను చూడగానే, “ఏటే అమ్మా, ఇలాగ సిక్కిపోనావు? ముట్టు సరిగ్గా వస్తోందా?” అని అడిగింది.

“ఆ, వస్తోందమ్మా” అన్నాను. అమ్మతో అబద్ధం చెప్పాక గానీ నాకు భయం వేయలేదు.

3. మాత్రలు తెచ్చిన రక్తం

ఆ భయంతో దగ్గరలోని ఒక క్లినిక్‌కు వెళ్ళాను. అక్కడ నేనేం తింటున్నానో అడగలేదు. నెలకు ఇరవై ఒక్క రోజులు వేసుకోమని గర్భనిరోధక మాత్రలు రాసి ఇచ్చారు. మాత్రలు ఆపిన ప్రతిసారీ రక్తస్రావం అయ్యేది. నయమైపోయిందనుకుని మూడు నెలల తర్వాత మానేశాను. ఇక ఏమీ రాలేదు.

2015 ఫిబ్రవరిలో నడుస్తుండగా కుడిపాదంలో నొప్పి మొదలైంది. వారమైనా తగ్గలేదు. పరీక్షలో ఎముక సన్నగా చిట్లినట్లు తేలింది. నేను పడలేదు, ఏదీ మీద పడలేదు. ఎముకల డాక్టరుగారు ఫిల్ము చూసి, “అమ్మా, నెలసరి వస్తోందా?” అని అడిగారు. పాదం నొప్పికీ నెలసరికీ సంబంధమేమిటి అని ఆశ్చర్యపోయాను. ఆయన నన్ను స్త్రీల వైద్యురాలి దగ్గరకు పంపారు.

ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “రోజంతా ఏం తింటారో వరుసగా చెప్పండి” అని. తర్వాత మళ్ళీ గర్భ పరీక్ష, థైరాయిడ్, ప్రోలాక్టిన్ పరీక్షలు, అండాశయాల స్కానింగు, ఎముకల సాంద్రత పరీక్ష చేయించారు. నెలసరి ఆగడానికి కారణాలు అనేకం ఉంటాయి కనుక, మిగిలినవి కావని తేల్చుకోకుండా తిండినే కారణమనడం సరికాదన్నారు. చివరికి కాగితాలన్నీ ముందు పెట్టుకుని, “మీ ఒంట్లో ఏదీ చెడిపోలేదు. ఇంట్లో బియ్యం నిండుకుంటే ఇల్లాలు ఏం చేస్తుంది? ముందు చుట్టాలను పిలవడం మానేస్తుంది. మీ మెదడు చేసింది అదే” అన్నారు.

4. లోపల జరిగేది

ఋతుచక్రం మెదడులో మొదలవుతుంది. అక్కడ హైపోథాలమస్ అనే చిన్న భాగం గంట, గంటన్నరకు ఒకసారి సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందుకున్న పీయూష గ్రంథి రెండు హార్మోన్లను వదులుతుంది. వాటి వల్ల అండాశయంలో అండం పక్వమవుతుంది, ఈస్ట్రోజెన్ తయారవుతుంది. శరీరానికి తిండి చాలనప్పుడు హైపోథాలమస్ తన సంకేతాలను మందగింపజేస్తుంది. అప్పుడు అండం విడుదల కాదు, నెలసరి రాదు. గుండె, ఊపిరితిత్తులు ఆగకూడదు కనుక, బిడ్డను కనే ఏర్పాటును శరీరం వాయిదా వేస్తుంది.

తిండి చాలడం లేదని మెదడుకు ఎలా తెలుస్తుంది? ఒంట్లోని కొవ్వు లెప్టిన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. దీన్ని 1994లో కనుగొన్నారు. కొవ్వు తగ్గినా, తిండి తగ్గినా రక్తంలో లెప్టిన్ తగ్గుతుంది. మెదడుకు అందే కబుర్లలో అది ఒకటి.

ఇది ఈనాటి విషయం కాదు. రెండవ ప్రపంచ యుద్ధం చివర, 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతంలో తీవ్రమైన కరువు వచ్చింది. రోజు రేషను వెయ్యి కేలరీల కంటే కిందికి పడిపోయింది. అక్కడ దాదాపు సగం మంది స్త్రీలకు నెలసరి ఆగిపోయింది.

“నా బరువు మామూలుగానే ఉంది కదా” అని నేను డాక్టరుగారితో వాదించాను. నిజమే, ఎత్తుకు తగ్గ బరువు లెక్క ప్రకారం 52 కిలోలు నాకు తక్కువ కాదు. ఆమె కాగితం మీద ఒక లెక్క వేసి చూపించారు. మీరూ చేయండి.

నేను తిన్నది సుమారు 1,100 కేలరీలు. నడకకు ఖర్చయినది సుమారు 300. మిగిలినది 800. కొవ్వును మినహాయిస్తే నా శరీర బరువు సుమారు 38 కిలోలు. 800ను 38తో భాగిస్తే కిలోకు 21 కేలరీలు వస్తాయి.

2003లో అమెరికాలో ప్రచురితమైన ఒక ప్రయోగంలో యువతులకు అయిదు రోజులపాటు తిండి తగ్గించి, వ్యాయామం చేయించి చూశారు. ఈ మిగులు 30 కంటే తగ్గినప్పుడు హార్మోను సంకేతాల లయ చెడింది. 30 అనేది అందరికీ ఒకే గీత కాదు. కొందరికి అంతకంటే ఎక్కువ ఉన్నా నెలసరి తప్పవచ్చు. మానసిక ఒత్తిడి దీనికి తోడవుతుంది. కానీ నేను తూకం యంత్రాన్ని చూసుకున్నాను. నా శరీరం మాత్రం జమాఖర్చుల పద్దు చూసుకుంది.

మరి మాత్రలతో వచ్చిన రక్తం? మాత్రలోని హార్మోన్లు గర్భాశయం లోపలి పొరను పెంచుతాయి. మాత్ర ఆపగానే ఆ పొర రాలుతుంది. హైపోథాలమస్ మాత్రం నిద్రలోనే ఉంటుంది. గడియారం ఆగిపోతే ముల్లును వేలితో తిప్పినట్లు అన్నమాట. పైగా రక్తం కనిపిస్తోంది కదా అని అసలు కారణం మరుగున పడుతుంది. కేవలం నెలసరి రప్పించడం కోసం, ఎముకల కోసం గర్భనిరోధక మాత్రలు ఇవ్వవద్దని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2017లో వైద్యులకు సూచించింది. ఎముకలను కాపాడేది స్వయంగా తయారయ్యే ఈస్ట్రోజెన్. అది నెలల తరబడి తగ్గిపోతే ఎముక పలచబడుతుంది. నా పాదంలో జరిగింది అదే.

5. తిరిగి వచ్చిన దారి

మందు చీటీలో మందులు తక్కువ, తిండి ఎక్కువ. పొద్దున లేచిన గంటలోపు ఇడ్లీలో, ఉప్మానో కడుపునిండా తినాలి. రెండు పూటలా అన్నం, పప్పు, కూర, నెయ్యి. మధ్యలో వేరుశనగలు, పాలు, గుడ్డు, పండు. ఉపవాసాలు పూర్తిగా మానాలి. పాదం మానేవరకు నడక వద్దు, తర్వాత అరగంటకు మించకూడదు.

చెప్పినంత తేలిక కాలేదు. మొదటి రోజు పళ్ళెంలో అన్నం చూసి ఏడ్చాను. పక్కన అమ్మ కూర్చుంది. “పొయ్యిలో కట్టెలు పెట్టకుండా అన్నం ఉడకమంటే ఉడుకుతాదా?” అంది. రెండు నెలలకు జాకెట్లు బిగుతయ్యాయి. ఒక పెళ్ళిలో బంధువు ఒకావిడ, “అయ్యో, మళ్ళీ ఒళ్ళు చేశావే!” అంది. ఆ రాత్రి నేను భోజనం మానేశాను. మర్నాడు పొద్దున మళ్ళీ తిన్నాను. కోలుకోవడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే, నేను ఆ పొద్దుటి గురించే చెబుతాను.

ముందు చేతులు వెచ్చబడ్డాయి. తర్వాత నిద్ర పట్టింది. తిండి గురించిన ఆలోచనలు తగ్గాయి. 2015 నవంబరులో, ఎనిమిదో నెలలో, నా బరువు 57 కిలోలు ఉండగా, దీపావళికి రెండు రోజుల ముందు నెలసరి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి మా అత్తయ్యతో చెప్పాను. పండగ పూట ఏమంటారో అనుకున్నాను. ఆవిడ ఒక్క నిమిషం నా ముఖంలోకి చూసి, “దీపాలు నేను పెడతాలే. నువ్వు ముందు అన్నం తిను” అన్నారు.

రెండోసారి నలభై మూడు రోజులకు వచ్చింది, మూడోసారి ముప్పై ఎనిమిదికి. ఆ తర్వాత నెల నెలా సరిపడింది.

6. ఒక అభ్యాసకురాలి ప్రశ్న

కొన్నాళ్ళకు శ్రీకాకుళం జిల్లాలో ఒక అధ్యయన కేంద్రానికి వెళ్ళాను. సంపర్క తరగతిలో ఈ సంగతి చెప్పాను. వెనక వరసలోంచి ముప్పై ఏళ్ళ ఒక అమ్మాయి లేచింది.

“మేడమ్, పనులు లేని రోజుల్లో తిండి చాలక నాకూ రెండు మూడు నెలలు ఆగిపోతాది. మీరు తినకూడదని మానేశారు. నాకు లేక మానేశాను. నేనేం చెయ్యాల?”

నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 18.7 శాతం మంది ఉండవలసిన దానికంటే తక్కువ బరువుతో ఉన్నారు. 24 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. బరువు తగ్గమనే సలహా కొందరికి అవసరమే. అదే గోడ అవతల ఇంకొకరికి పిడికెడు అన్నం అవసరం. ఆ అమ్మాయితో నేను, “నీ ఒంట్లో లోపం లేదమ్మా, నీ పళ్ళెంలో ఉంది. ఆసుపత్రిలో కూడా ఈ మాట దాచకుండా చెప్పు. ఇంట్లో అందరి తర్వాత మిగిలింది తినవద్దు, అందరితో కలిసి తిను” అని మాత్రం చెప్పాను. అది పూర్తి జవాబు కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఊరి నుంచి తిరిగి వచ్చాక ‘సమతుల ఆహారం’ పాఠం మళ్ళీ తీశాను. పట్టిక అలాగే ఉంచి, చివర ఒక ప్రశ్న చేర్చాను: ‘ఈ రోజు మీరు ఏం తిన్నారు?’ మీకు పాఠం చెప్పేవారు కూడా దానికి జవాబు రాయాలి.

గుర్తుంచుకోండి

• క్రమంగా వచ్చే నెలసరి మూడు నెలలు వరుసగా రాకపోతే వైద్యులను కలవండి. ముందు గర్భ పరీక్ష చేయించుకోండి.
• ఏం తింటున్నారో, ఎంత శ్రమ చేస్తున్నారో, ఎంత బరువు తగ్గారో అడగకపోయినా చెప్పండి.
• నెలసరి తిరిగి రాకముందే అండం విడుదల కావచ్చు. కనుక నెలసరి లేని రోజుల్లో కూడా గర్భం రావచ్చు.
• బరువు తగ్గవలసి వస్తే నెమ్మదిగా తగ్గండి. నెలసరి తప్పితే ఆగి ఆలోచించండి.

ఆలోచించి రాయండి

1. నెలసరి ఆగినప్పుడు రచయిత్రికి మొదట సంతోషం ఎందుకు కలిగింది?
2. ‘గడియారం ముల్లును వేలితో తిప్పినట్లు’ అన్న పోలికను మీ మాటల్లో వివరించండి.
3. అధ్యయన కేంద్రంలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మీరైతే ఏం జవాబు చెబుతారు? పది వాక్యాల్లో రాయండి.