ఇరవై కాళ్ళ సాక్షి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందు ఒక కవిత రాద్దామనుకున్నాను. నాకు కవిత్వం రాదని నాతో చదివిన వాళ్ళందరికీ తెలుసు! అందుకే పోయిన ఏడాది నాచారంలో జరిగిన ఒక సంగతి రాస్తున్నాను. ఇందులో నా గొప్ప కన్నా నా తప్పే ఎక్కువ ఉంది.

నాకంటే నాలుగేళ్ళు ముందు మన హాస్టల్లో చదివిన అన్న ఒకాయన ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు. పదో తరగతి తర్వాత ఐటీఐలో టర్నర్ చేసి, నాచారంలో ఒక చిన్న షెడ్డులో సీఎన్‌సీ లేత్ నడుపుతున్నాడు. అది పాత మిషను. దానికి పెన్ డ్రైవ్ పెట్టే చోటు లేదు. ఏ జాబ్ కోయాలన్నా కంప్యూటర్ నుంచి ఒక కేబుల్ ద్వారా ప్రోగ్రాం ఎక్కించాలి. మిషను వెనకాల 25 పిన్నుల సీరియల్ పోర్టు ఉంటుంది. ఈ ఆర్‌ఎస్-232 పద్ధతి 1960లో వచ్చింది. మా నాయన కన్నా పెద్దది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు ఉండదు గానీ, నాచారం, చర్లపల్లి షెడ్లలో ఇంకా దాని మీదే పని నడుస్తోంది.

ఒకరోజు మిషను తుడుస్తూ, కరెంటు ఆపకుండానే అన్న ఆ కేబుల్ పీకాడు. ప్లగ్ ఊడిపోయింది. సేటు కొత్త కేబుల్ చేయించి తెచ్చాడు. పెడితే ప్రోగ్రాం ఎక్కలేదు. "నడుస్తున్న మిషన్ల పీకినవ్, పోర్టు కాలింది, బోర్డు ఖర్చు నీ జీతంల కోస్త" అన్నాడట. కరెంటు ఉండగా పీకితే పోర్టు కాలిపోవడం నిజంగానే జరుగుతుంది. కాబట్టి సేటు మాట ఉత్తది అనడానికి లేదు. అన్న రాత్రి ఫోన్ చేశాడు. "తమ్మీ, నువ్వు ఎలక్ట్రానిక్స్ల ఎమ్మెస్సీ చేస్తున్నవ్ గద. ఒక్కసారి చూసిపో" అన్నాడు.

చెంగిచెర్లలో మేము నలుగురం ఉండే రూము నుంచి బస్సెక్కి, ఉప్పల్‌లో మారి నాచారం పోయాను. చేతిలో కాలేజీ ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకున్న పెద్ద బోర్డు. 32 బిట్ల చిప్పు, తెర, బటన్లు... చూస్తేనే సేటు లేచి కుర్చీ వేశాడు. ప్రోగ్రాం నాది కాదు, స్నేహితుడి దగ్గర తీసుకున్నది. మూడు వైర్లు పోర్టుకు తగిలించి, మిషను నుంచి ప్రోగ్రాం బయటికి పంపమన్నాను. తెర మీద అర్థం లేని గుర్తులు వరసగా వచ్చాయి. నేను గొంతు సవరించుకుని, "పోర్టు పోయినట్టే ఉంది" అన్నాను. సేటు అన్న వైపు తిరిగి, "ఇగో, ఎమ్మెస్సీ పిలగాడే చెప్పిండు" అన్నాడు. అన్న ఏమీ అనలేదు. బస్‌స్టాప్ దాకా వచ్చి, నాకు చాయ్ తాగించి మరీ పంపాడు.

ఆ చాయ్ అరగలేదు. రూముకు వచ్చి అదే బోర్డును నా ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ కన్వర్టర్‌తో కలిపాను. "ఎ" కొడితే చెత్త గుర్తులు వచ్చాయి! అంటే చెడినది మిషను పోర్టు కాదు, నా బోర్డు లెక్క. ప్రోగ్రాంలో ఒక క్రిస్టల్ వేగం రాసి ఉంది, బోర్డు మీద ఉన్నది వేరే. అందుకే అక్షరాల వేగం తప్పింది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. కాబట్టి నేనేది చెప్పినా నిజమనుకునేవాళ్ళు నా చుట్టూ చాలామంది ఉన్నారు. ఆ నమ్మకంతోనే ఒక మనిషి జీతానికి ఎసరు పెట్టి వచ్చాను.

ఈసారి నాకు పూర్తిగా తెలిసిన చిప్పే కావాలనుకున్నాను. అసలు చిప్పు ఎందుకు, పంపే పిన్నును, తీసుకునే పిన్నును ఒక వైరుతో కలిపితే చాలదా అని మా రూమ్మేట్ అడిగాడు. మంచి ప్రశ్నే. పంపిన "ఎ" తిరిగి "ఎ"గా వస్తుంది. కానీ కేబుల్లో రెండు వైర్లు అతుక్కుపోయినా అలాగే వస్తుంది. కంప్యూటర్ తాను కొట్టింది తానే తెర మీద చూపించుకున్నా అలాగే కనిపిస్తుంది. అదే "ఎ" పంపితే "బి" తిరిగి పంపే చిప్పు ఉంటే? "బి" వచ్చిందంటే అక్షరం అవతలికి వెళ్ళి, చిప్పు చదివి, ఒకటి కలిపి, తిరిగి పంపిందన్నమాట. వైరు ఆ లెక్క చేయలేదు కదా!

కోఠి గుజరాతీ గల్లీకి పోయి ఏటీ89సీ2051 తెచ్చాను. 1980లో ఇంటెల్ తెచ్చిన 8051 కుటుంబంలోని చిన్న తమ్ముడు ఇది. మనం ల్యాబ్‌లో చూసే దానికి 40 కాళ్ళు, దీనికి 20. మెమరీ 2 కిలోబైట్లే. పెద్దదానిలో 31వ కాలును 5 వోల్టులకు కలపడం మరిచిపోయి గంటలు పోగొట్టుకున్న వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. దీనికి ఆ కాలే లేదు. 2వ కాలు వినడానికి, 3వ కాలు మాట్లాడటానికి. ఇంతకన్నా సులువు ఏముంటుంది?

అయితే చిప్పుకు తెలిసింది 0, 5 వోల్టులే. సీరియల్ పోర్టులో "1" అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15, "0" అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15. మధ్యలో దుబాసీ కావాలి. అది మ్యాక్స్232. 5 వోల్టులు ఇస్తే కెపాసిటర్ల సాయంతో ప్లస్సూ మైనస్సూ తానే తయారు చేసుకుంటుంది.

ఇక క్రిస్టల్. మొదటిసారి నన్ను ముంచింది ఇదే కాబట్టి పలక మీద లెక్క చేసినట్టు చేశాను. మిషను వేగం 4800. క్రిస్టల్ 11.0592 మెగాహెర్ట్జ్ తీసుకుంటే, దాన్ని 12తో, మళ్ళీ 32తో, మళ్ళీ 6తో భాగిస్తే సరిగ్గా 4800, శేషం సున్నా. 12 మెగాహెర్ట్జ్ తీసుకుంటే అదే భాగహారంలో 5208 వస్తుంది. నూటికి ఎనిమిదిన్నర పాళ్ళ తేడా. నాలుగైదు పాళ్ళు దాటితేనే అక్షరం చెడిపోతుంది. దుకాణంలో "12 ఉంది, అదే కదా" అని ఇస్తారు, తీసుకోకండి.

తెర పెట్టలేదు. ఎనిమిది ఎల్‌ఈడీలు పెట్టాను, ఒక్కో బిట్‌కు ఒకటి. సీఎన్‌సీ ప్రోగ్రాం శాతం గుర్తుతో మొదలవుతుంది. సరిసంఖ్య పారిటీతో కలిపి ఆ గుర్తు 10100101. అది రాగానే దీపాలను అలాగే ఆపేయమని ప్రోగ్రాం రాశాను. మొత్తం ఒక పేజీ, ప్రతి లైనూ నాదే. ముందు రూములోనే ల్యాప్‌టాప్‌కు కలిపి "ఎ" కొట్టాను. "బి" వచ్చింది. "బి" కొట్టాను. "సి" వచ్చింది. మా రూమ్మేట్ "జడ్" దాకా కొట్టించాడు.

మళ్ళీ నాచారం. ఈసారి సేటు కుర్చీ వేయలేదు. అరచేతిలో పట్టే బోర్డు చూసి నవ్వాడు కూడా. మిషను నుంచి ప్రోగ్రాం పంపమన్నాను. దీపాలు నాలుగు వెలిగి నాలుగు ఆరి, మధ్యలో రెండు పక్కపక్కన వెలిగి నిలిచిపోయాయి. శాతం గుర్తు! మిషను చక్కగా మాట్లాడుతోంది. "పోయినసారి నేను తప్పు చెప్పిన. నా బోర్డే ఖరాబు" అని అందరి ముందు చెప్పాను. చెప్పడానికి కష్టమైంది గానీ చెప్పాను.

మిగిలింది కొత్త కేబుల్. 9 పిన్నుల ప్లగ్‌లో 2 వినేది, 3 పంపేది. 25 పిన్నుల దాంట్లో 2 పంపేది, 3 వినేది. కాబట్టి ఇక్కడ 2ను 2కు, 3ను 3కు, 5ను 7కు నేరుగా కలపాలి. కేబుల్ చేసినాయన అలవాటు కొద్దీ 2ను 3కు అడ్డంగా మార్చి అతికాడు. దాంతో ఇద్దరి నోళ్ళూ ఒకవైపు, ఇద్దరి చెవులూ ఒకవైపు అయ్యాయి. సాల్డరింగ్ ఐరన్ వేడెక్కడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు మార్చడానికి. అన్న ప్రోగ్రాం ఎక్కించాడు. మిషను తిరిగింది.

సేటు జీతం కోయలేదు. సారీ కూడా చెప్పలేదు. "ఆ చిన్నది ఈడ్నే పెట్టిపో, మల్ల పనికొస్తది" అన్నాడు. నేనివ్వలేదు. అది ఇప్పుడు చెంగిచెర్ల రూములో నా ట్రంకు పెట్టెలో, పాత నోట్సు కింద ఉంది. మన తమ్ముళ్ళలో ఎవరికైనా ప్రాజెక్టుకు కావాలంటే వచ్చి తీసుకుపోవచ్చు. 5 వోల్టుల ఛార్జర్ మాత్రం మీరే తెచ్చుకోవాలి, నాది అన్న దగ్గరే ఉండిపోయింది.