లండన్ కొలీసియంలో మూడు రాత్రులు

నచ్చిన సినిమాని నాలుగుసార్లు చూడటం మనకి కొత్తేం కాదు. మొదటిసారి హీరో కోసం, రెండోసారి పాటల కోసం, మూడోసారి స్నేహితుడు టికెట్ కొన్నాడు కదా అని! కానీ మొదటి ఆటలో కొరుకుడుపడని దాన్ని పనిగట్టుకుని మళ్లీ చూడటం వేరే సంగతి. 2018 ఫిబ్రవరిలో, ఎముకలు కొరికే చలిలో, లండన్‌లో నేను చేసిన పని అదే. చూసింది సినిమా కాదు, ఆపెరా. పేరు 'సత్యాగ్రహ'.

ఆపెరా అంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకోండి. కథంతా పాటలోనే నడుస్తుంది. వేదిక ముందు పల్లంలో ఆర్కెస్ట్రా కూర్చుంటుంది. గాయకుల గొంతు మైకు సాయం లేకుండా ఆఖరి వరస దాకా వినిపించాలి.

ఆ హాలు సంగతి

ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి నాలుగడుగులు వేస్తే సెయింట్ మార్టిన్స్ లేన్. అక్కడే కొలీసియం. 1904లో ఫ్రాంక్ మాచమ్ అనే ఆర్కిటెక్టు కట్టిన హాలిది. నెత్తిన పెద్ద గ్లోబు, లోపల రెండువేల మూడువందలకి పైగా సీట్లు. అన్నట్టు, 1960లలో కొన్నేళ్లు ఇది సినిమా హాలు కూడా! 1968లో ఆపెరా కంపెనీ వచ్చి చేరింది. అదే యిప్పటి ఇంగ్లీష్ నేషనల్ ఆపెరా. ఏ దేశపు ఆపెరా అయినా ఇంగ్లీషులో పాడటం వాళ్ల ఆనవాయితీ. 'సత్యాగ్రహ'కి మాత్రం ఆ ఆనవాయితీ పక్కన పెట్టారు. ఇది మొదటినుంచి చివరిదాకా సంస్కృతమే. మాటలన్నీ భగవద్గీతలోవి.

సంగీతం ఫిలిప్ గ్లాస్. 'కుందున్', 'ది అవర్స్' చిత్రాలకి సంగీతం యిచ్చింది ఈయనే. 1960లలో పారిస్‌లో ఒక సినిమా పని మీద పండిట్ రవిశంకర్ దగ్గర పనిచేసి, మన తాళం లెక్క చూసి ఆశ్చర్యపోయిన మనిషి. గాంధీగారి దక్షిణాఫ్రికా రోజుల మీద ఆయన రాసిన ఈ ఆపెరా 1980లో హాలండ్‌లోని రోటర్‌డామ్‌లో మొదటిసారి ప్రదర్శించారు. మనకి 'శంకరాభరణం' వచ్చిన ఏడాదే!

మొదటి రాత్రి

నా సీటు అన్నింటికంటే పైన, బాల్కనీలో. తెర లేవగానే గాంధీ ఒక్కడే పాడతాడు. తర్వాత అర్జునుడు గొంతు కలుపుతాడు, ఆ తర్వాత కృష్ణుడు. ఒక చిన్న స్వరాల వరస తిరిగి తిరిగి వస్తూనే వుంటుంది. ఒక్క అక్షరాన్ని ఎంతసేపు సాగదీస్తారంటే, ఘంటసాల గొంతులో గీత వింటూ పెరిగిన నా చెవికి కూడా అది గీత అని తెలియలేదు. కింద అనువాదం వేయరు. వెనక రేకుల గోడ మీద అప్పుడో వాక్యం, అప్పుడో వాక్యం ఇంగ్లీషులో కనిపిస్తుంది, అంతే. రెండు విరామాలతో కలిపి మూడు గంటల పైమాటే. పక్క వరసలో ఒకాయన హాయిగా నిద్రపోయాడు.

కంటికి మాత్రం కొదవలేదు. పాత న్యూస్‌పేపర్లతో చేసిన పెద్ద పెద్ద బొమ్మలు మన కళ్లముందే లేచి నిలబడతాయి. ఆ కాగితాలు వూరికే పెట్టినవి కావు. 1903లో మొదలై గాంధీగారి ఉద్యమానికి గొంతుగా నిలిచిన 'ఇండియన్ ఒపీనియన్' పత్రికకి గుర్తు అవి.

ఇంటికెళ్లి మళ్లీ టికెట్ కొంటానంటే బావ నవ్వాడు. "ఏమోయ్, ఒక్క ముక్క అర్థం కాని పాటకి రెండోసారి కూడానా? ఆ డబ్బుతో నాలుగు తెలుగు సినిమాలు చూడొచ్చు కదా!"

రెండో రాత్రి

ఈసారి ముందుగా గీత చదువుకుని వెళ్లాను. అర్థం కోసం వెంపర్లాడకుండా ఒక్క పని పెట్టుకున్నాను: తిరిగి వచ్చే వరసలో ఏది మారుతోందో పట్టుకోవాలి. మారుతోంది! ఒక స్వరం చేరుతుంది, ఒక వాయిద్యం తప్పుకుంటుంది. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నట్టే. తాటిచెట్లు అవే, పొలాలు అవే అనుకుంటుండగానే జిల్లా మారిపోతుంది.

విరామంలో పక్క సీటులోని పెద్దావిడతో మాట కలిసింది. వాళ్లది డర్బన్. ఇంటిపేరు నాయుడు. ఆవిడకి తెలుగు రాదు. ముత్తాత మద్రాసు రేవులో ఓడెక్కి నేటాల్ చెరుకు తోటలకి వెళ్లిన కూలీ అట. "మూడో అంకం కోసం వచ్చాను. ఇది నాకు నాలుగోసారి" అంది.

మూడో అంకం 1913 నాటి న్యూకాజిల్ మార్చ్. గిర్మిటు గడువు తీరినా అక్కడే వుండిపోయిన కూలీల మీద వేసిన మూడు పౌన్ల పన్నుకి ఎదురుతిరిగి, గని కార్మికులూ ఆడవాళ్లూ పిల్లలూ రెండువేలమందికి పైగా సరిహద్దు వైపు నడిచారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ వున్నారు. "మా ముత్తాత ఆ నడకలో వున్నాడో లేదో చెప్పే కాగితం మా యింట్లో లేదు. అందుకే వచ్చి కూర్చుంటాను" అంది ఆవిడ. ఆ తర్వాత వేదిక మీద కోరస్ నడుస్తుంటే నేను ఒక్కొక్క మొహం వెతకడం మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున్నే పార్లమెంట్ స్క్వేర్‌కి నడిచి వెళ్లాను. 2015లో పెట్టిన గాంధీ విగ్రహం అక్కడుంది. అదే పచ్చికలో జనరల్ స్మట్స్ విగ్రహమూ వుంది! దక్షిణాఫ్రికాలో గాంధీగారిని జైల్లో పెట్టించిన ప్రభుత్వంలో మంత్రి ఆయన. యిద్దరికీ ఒకే వాన, ఒకే పావురాలు.

మూడో రాత్రి

ఈసారి అక్కయ్యని లాక్కెళ్లాను. చిన్నప్పుడు బెజవాడలో ఆరేళ్లు సంగీతం నేర్చుకుంది. చివరి ఘట్టంలో అందరూ వెళ్లిపోయాక గాంధీ వేషంలోని టోబీ స్పెన్స్ ఒక్కడే మిగులుతాడు. వెనక ఎత్తు మీద మార్టిన్ లూథర్ కింగ్ మనకి వీపు పెట్టి, కనిపించని జనంతో మాట్లాడుతుంటాడు. గాంధీ పాడేది కేవలం ఒక ఆరోహణ. మెట్టు మెట్టూ ఎక్కుతాడు, మళ్లీ మొదటికి వస్తాడు, మళ్లీ ఎక్కుతాడు.

అక్కయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒరేయ్, తోడి రా ఇది! గమకాలు లేవు గానీ స్వరాలు తోడివే!"

నిజమే. పాశ్చాత్యులు ఫ్రిజియన్ అనే ఆ మేళం మన హనుమతోడి స్వరాలే. మాటలు గీత నాలుగో అధ్యాయంలోవి. ధర్మం చెడినప్పుడల్లా మళ్లీ పుడతానని కృష్ణుడు చెప్పే చోటు, మన పౌరాణిక చిత్రాల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మళ్లీ మళ్లీ పుడతాననే మాటకి మళ్లీ మళ్లీ ఎక్కే ఆరోహణ. ఆ సంగతి తెలిశాక ఆ పాట ఇంకాస్త సేపు సాగితే బాగుండుననిపించింది.

రికార్డింగ్ చాలదా అంటారా? ఇంట్లో అయితే అయిదో నిమిషంలో చెయ్యి బటన్ మీదికి పోతుంది. హాల్లో మనకి ఆ వీల్లేదు. రెండువేలమంది మధ్య చీకట్లో కూర్చున్నాక చెవి దానంతటదే సర్దుకుంటుంది.

కాబట్టి మిత్రులారా, ఆపెరా అయినా, హరికథ అయినా, వీధి భాగవతమైనా, ఎక్కడైనా మొదటిసారి కొరుకుడుపడకపోతే మీ తెలివిని గానీ వాళ్ల కళని గానీ తిట్టుకోకండి. ఇంకో టికెట్ కొనండి. పక్కన కూర్చున్నవాళ్లతో మాట కలపండి. వీలైతే సంగీతం వచ్చిన అక్కయ్యని వెంట తీసుకెళ్లండి.