చుక్క, ప్లస్, మూడు ఈక్వల్స్

ఆగస్టు 4

సాయంత్రం బ్యాచ్‌కి పీహెచ్‌పీ ఆపరేటర్లు మొదలుపెట్టాను. కూడిక, తీసివేత, గుణకారం చకచకా అయిపోయాయి. 7ను 2తో భాగిస్తే 3.5 వస్తుందని, శేషం కావాలంటే పర్సెంట్ గుర్తు వాడాలని చెప్పి ముందుకెళ్లాను.

చాలాసేపు ఆగింది చుక్క దగ్గరే. జావాస్క్రిప్ట్ నేర్చుకుని వచ్చినవాళ్లు మాటలు అతికించడానికి ప్లస్ పెట్టేస్తున్నారు. అక్కడ కోట్స్‌లో ఉన్న "5"కి 3 కలిపితే 53, అందులోంచే 3 తీసేస్తే 2. పీహెచ్‌పీలో ఆ గొడవ లేదు. కూడడానికి ప్లస్, అతకడానికి చుక్క. "5" + 3 అంటే 8, అంతే. 53 కావాలంటే చుక్క పెట్టి అడగాలి. ఈ భాషను ఎవరెంత తీసిపారేసినా ఈ విషయంలో నేను దాని పక్షమే. కోడ్ రాసేవాడు తనకేం కావాలో గుర్తుతోనే చెబుతాడు.

ఆగస్టు 6

చుక్క, ప్లస్ ఒకే లైన్లో వస్తే? బోర్డు మీద రాశాను:

"మొత్తం: " . 200 + 36

ల్యాబ్‌లో కొన్ని సిస్టమ్స్‌లో ఇంకా పాత పీహెచ్‌పీ 7 ఉంది. అందులో రెండు గుర్తులదీ ఒకటే హోదా, ఎడమ నుంచి చేసుకుపోతుంది. ముందు "మొత్తం: 200" అని అతికించి, అక్షరాలతో మొదలైన ఆ స్ట్రింగ్‌ను సున్నాగా లెక్కేసి, దానికి 36 కలిపింది. జవాబు 36, తోడుగా ఒక వార్నింగ్. 8లో కూడిక ముందు జరుగుతుంది కాబట్టి "మొత్తం: 236" వచ్చింది. కూడికకు బ్రాకెట్లు పెడితే రెండు చోట్లా అదే జవాబు. బ్రాకెట్ లేని లైన్ ఇక దిద్దను, వెనక్కిచ్చేస్తాను.

ఆగస్టు 11

ఒకమ్మాయి ఫోన్ నంబర్ల ఫారం చేస్తోంది. "సార్, 40 అని కొట్టినా హైదరాబాద్ అనే చూపిస్తోందండీ" అంది. చూస్తే రెండు ఈక్వల్స్ పెట్టింది. "040", "40" రెండూ స్ట్రింగ్‌లే. కానీ రెండూ అంకెల్లా కనిపించాయి కాబట్టి == వాటిని నంబర్లుగా మార్చి పోల్చి, సమానమే అంది. ఇంకో ఈక్వల్ చేర్చగానే సరిపోయింది. === దేన్నీ మార్చదు, ఉన్నదాన్ని ఉన్నట్టే పోలుస్తుంది.

అపార్ట్‌మెంట్ ఫ్లాట్ నంబర్లతో ఇంకా ప్రమాదం. 2 పక్కన ఇంగ్లిష్ అక్షరం ఈ, దాని పక్కన 3 వస్తే, == దృష్టిలో అది రెండు వేలు!

2020 నవంబరులో వచ్చిన 8తో ఒక మేలు జరిగింది. అంతకుముందు 0ను ఏ పేరుతో పోల్చినా సమానమే అనేది, ఇప్పుడు అనదు. "040" సంగతి మాత్రం మారలేదు. అందుకే నా క్లాసులో ముందు === నేర్పుతాను. == ఎందుకుందో తర్వాత చెబుతాను.

ఆగస్టు 14

లైబ్రరీ సెర్చ్ పేజీ. "రామ" అని వెతికితే "సంపూర్ణ రామాయణం" దొరికింది, "రామాయణం" దొరకలేదు. స్ట్ర్‌పాస్ ఫంక్షన్ మాట ఎక్కడుందో ఆ స్థానం చెబుతుంది, లేకపోతే ఫాల్స్ ఇస్తుంది. మాట మొట్టమొదట్లోనే ఉంటే స్థానం 0. కుర్రాడు ఆ 0ను == తో ఫాల్స్‌కి పోల్చాడు, సమానమేనని వచ్చింది.

అవునో కాదో సూటిగా చెప్పే స్ట్ర్ కంటెయిన్స్ 8లో ఉంది. అయినా ముందు === తోనే సరిచేయించాను. రేపు ఉద్యోగంలో వీళ్ల చేతికొచ్చే పాత కోడ్‌లో ఉండేది స్ట్ర్‌పాసే.